తల ఎటు తిప్పాలో వెక్టర్‌నే అడగండి

యానిమేషన్ ఆర్టిస్టులకు వెక్టర్లు (దిశ, పొడవు ఉన్న బాణాల్లాంటివి) చెప్పేటప్పుడు సూత్రాలతో మొదలుపెట్టకండి. ఒక క్యారెక్టర్‌ని, అది చూడాల్సిన బంతిని తెర మీద పెట్టి, "బంతి దీని ముందుందా, వెనకుందా?" అని అడగండి. డాట్ ప్రొడక్ట్ (రెండు వెక్టర్లలో ఒకే స్థానంలోని అంకెల్ని గుణించి, అన్నీ కూడితే వచ్చే సంఖ్య) చెప్పేది సరిగ్గా అదే.

క్యారెక్టర్ (2, 0, 1) దగ్గర, బంతి (5, 0, 5) దగ్గర ఉన్నాయనుకోండి. బంతి స్థానంలోంచి క్యారెక్టర్ స్థానం తీసేస్తే (3, 0, 4). దాని పొడవు 5, కాబట్టి 5తో భాగిస్తే (0.6, 0, 0.8). ఈ భాగించడం మాత్రం మానొద్దు. లేకపోతే బంతి దూరం జరిగినకొద్దీ జవాబు పెరిగిపోతుంది, కోణం ఎంతో తెలియదు.

క్యారెక్టర్ (0, 0, 1) దిశలో చూస్తుంటే డాట్ ప్రొడక్ట్ 0.8, అంటే సుమారు 37 డిగ్రీలు. 1 వస్తే సూటిగా ఎదురుగా, 0 వస్తే సరిగ్గా పక్కన, మైనస్ వస్తే వెనక. తల 60 డిగ్రీలు దాటి తిరగకూడదంటే 0.5 కంటే తగ్గగానే ఆపేయండి. కోణం కనుక్కునే ఆర్క్ కొసైన్ అక్కర్లేదు.

మరి కుడా, ఎడమా? అది డాట్ చెప్పలేదు, రెండు వెక్టర్లకూ లంబంగా ఉండే మూడో వెక్టర్‌ని ఇచ్చే క్రాస్ ప్రొడక్ట్ చెబుతుంది. మాయా అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో వై అక్షం పైకి ఉన్నప్పుడు, చూపు వెక్టర్‌ని ముందు, బంతి వైపు వెక్టర్‌ని తర్వాత పెట్టి క్రాస్ చేస్తే ఇక్కడ (0, 0.6, 0) వస్తుంది. వై ప్లస్ కాబట్టి బంతి క్యారెక్టర్‌కి ఎడమవైపు. వరస తారుమారైతే గుర్తు కూడా తారుమారే. యూనిటీ అనే గేమ్ ఇంజిన్ మాయా అక్షాలకి అద్దంలో ప్రతిబింబంలా ఉండే ఎడమచేతి పద్ధతి వాడుతుంది గనుక అక్కడ ప్లస్ అంటే కుడి.