వాషింగ్ మెషీన్‌లో నీళ్లు నిలిచిపోతున్నాయా? డ్రెయిన్ పైపును ఇంట్లోనే సరిచేసుకోవడం ఎలా?

ఉతకడం పూర్తిచేసిన మెషీన్ నీళ్లను కడుపులోనే ఉంచుకుని ఆగిపోతే, పంపు కాలిపోయిందేమోనని చాలామంది బెంగపడతారు. పంపు పాడవడం కంటే తరచుగా ఎదురయ్యేవి వేరే ఉన్నాయి. గోడవైపు కంటికి కనబడకుండా ఉండే ముడతల పైపు నలిగిపోవడం, మురికితో పూడుకుపోవడం, తప్పుగా అమర్చడం. కాబట్టి మెకానిక్‌ను పిలిచే ముందు, అడ్డు ఎక్కడుందో మీరే చూడండి. ఒక బకెట్, లోతు తక్కువ పళ్లెం, పాత తువ్వాళ్లు, టార్చి, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు.

బకెట్ పరీక్ష

మెషీన్‌ను మెల్లగా ముందుకు జరిపి వెనక టార్చి వేసి చూడండి. ఇల్లు ఊడ్చాక గోడకేసి నెట్టినప్పుడు పైపు నలిగి మడతపడటం మామూలే. మడత కనిపిస్తే సరిచేసి, పైపుకు, గోడకు మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదలండి.

మడత లేకపోతే పైపు చివరను గోడలోని తూములోంచి తీసి బకెట్‌లో పెట్టండి. చివరను చేత్తో గట్టిగా పట్టుకోండి, నీళ్లు వచ్చే ఊపుకు పైపు ఎగిరి పడుతుంది. ఇప్పుడు నీళ్లు వదిలే ప్రోగ్రామ్ నడపండి. బకెట్ నిండబోతుంటే మెషీన్‌ను ఆపి పైపు చివరను పైకెత్తండి, ధార ఆగుతుంది.

నీళ్లు ధారగా దూకితే మెషీన్, పైపు రెండూ బాగున్నట్లే. అడ్డు ఇంటి తూములో ఉంది, శుభ్రం చేయాల్సింది దాన్నే. సన్నగా కారితే ఫిల్టర్‌లోనో పైపులోనో పూడిక ఉంది. పంపు మూలుగుతున్నా చుక్క రాకపోతే ఏదో గట్టి వస్తువు అడ్డుపడి ఉండవచ్చు. శబ్దమే లేకపోతే సమస్య విద్యుత్ భాగంలో ఉంటుంది, అది మెకానిక్‌కు వదిలేయండి.

ఫిల్టర్ విప్పడం

ముందుగా ప్లగ్గు తీయండి. వేడి నీళ్లతో ఉతికి ఉంటే అవి చల్లారేదాకా ఆగండి, ఈ విషయంలో తొందర వద్దు. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో ముందువైపు కింది మూలన చిన్న తలుపు ఉంటుంది. కొన్నింటిలో ఫిల్టర్ మూత పక్కనే బిరడా పెట్టిన సన్నని గొట్టం కూడా ఉంటుంది. పళ్లెం కింద పెట్టి, బిరడా తీసి నీళ్లన్నీ వదలండి. తర్వాత మూతను ఎడమవైపుకు కొద్దికొద్దిగా తిప్పండి.

అందులో నాణేలు, గుండీలు, తలపిన్నులు, నూలు పీచుతో కలిసిన బూడిదరంగు ముద్ద కనబడతాయి. ఒకసారి మా మెషీన్‌లో ఒక పసిపిల్ల మేజోడు సగం లోపలికి, సగం బయటికి ఇరుక్కుని కనబడింది. అన్నీ తీశాక టార్చి వేసి లోపలి చిన్న రెక్కల చక్రాన్ని పుల్లతో కదిపి చూడండి. కాస్త పట్టి పట్టి తిరిగితే భయపడకండి, అందులోని అయస్కాంతం వల్ల అలా ఉంటుంది. అసలు తిరగకపోతే వెంట్రుకలో దారాలో చుట్టుకుని ఉంటాయి. టాప్ లోడ్ మెషీన్లలో చాలావాటికి ఈ తలుపు ఉండదు, నేరుగా పైపు సంగతి చూడాలి.

పైపు కడగడం

పైపును మెషీన్ నుంచి విడదీయగలిగితేనే పూర్తిగా శుభ్రమవుతుంది. క్లాంపు (పైపును బిగించి ఉంచే పట్టీ) వదులు చేసి, పైపును అటూ ఇటూ మెలితిప్పుతూ లాగండి. తర్వాత కుళాయి కింద పెట్టి, ముడతలను చేత్తో నొక్కుతూ, వంచుతూ నీళ్లు పోయండి. ముడతల మధ్య పేరుకున్న సబ్బు జిగురు కందెనలా చేతికి తగులుతుంది, జారి పడే ముక్కలు నల్లగా ఉంటాయి. ఇనుప తీగ మాత్రం దూర్చకండి, పైపు లోపలి గోడ చిరుగుతుంది. పైపు మెషీన్‌కే ఉండగా కుళాయి నీళ్లు వెనక్కి ఎక్కించినా మురికి పంపులోకే చేరుతుంది. తూము శుభ్రం చేసే ఘాటైన ఆమ్లాలు రబ్బరును తినేస్తాయి. బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది.

పైపు చివర ఎంత ఎత్తులో ఉండాలి?

నీళ్లు పోకపోవడం ఒక బాధ, అవసరం లేకుండా పోవడం ఇంకో బాధ. కుళాయి తెరిచే ఉంటుంది, మెషీన్ నీళ్లు తీసుకుంటూనే ఉంటుంది, డ్రమ్ము మాత్రం నిండదు. పైపు చివర నేలమీద పడి ఉంటే ఇలా జరుగుతుంది. గొట్టంతో పీపాలోని నీళ్లు తోడినప్పుడు ఒకసారి ధార మొదలైతే దానంతటదే పోతుంది కదా, ఇక్కడా అదే. అందుకే పంపు ఉన్న మెషీన్లలో చాలావాటికి పైపు చివరను నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచమని కంపెనీలు చెబుతాయి. మీ మెషీన్ కొలత దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పైపును తూములోకి మరీ లోతుగా దూర్చకండి, చుట్టూ టేపు వేసి బిగించకండి. గాలికి దారి ఉండాలి.

పంపు లేని మెషీన్లకు లెక్క తలకిందులు. వాటి నీళ్లు పల్లానికి వాటంతటవే పోవాలి కాబట్టి పైపు నేలను అంటిపెట్టుకునే ఉండాలి. గడప మీదుగా ఎత్తి దాటించారంటే అడుగున నీళ్లు నిలుస్తాయి.

పైపు చాలలేదని అంతకంటే సన్నని పైపును అతికించకండి, పంపు మీద భారం పడుతుంది.

నీళ్లు కారుతుంటే

పొడి కాగితం పైపు పొడవునా అద్దుతూ రండి, తడిసిన చోటే లోపం. అతుకు దగ్గరైతే క్లాంపు బిగిస్తే చాలు. మధ్యలో పగిలితే టేపు ఒక పూటకే, కొత్త పైపు వేయాల్సిందే.

ఇంట్లోని మిగతా యంత్రాల డ్రెయిన్ పైపుల సంగతీ ఒక మాట. డిష్‌వాషర్ పైపును సింకు కింద వీలైనంత పైకి ఎత్తి వంపు తిప్పి కట్టాలి, లేకపోతే సింకు మురికి వెనక్కి వస్తుంది. ఏసీ పైపు మొదటినుంచి చివరిదాకా కిందికే వాలి ఉండాలి, చివర నీళ్లలో మునగకూడదు. గదిలోకి నీళ్లు కారుతుంటే పైపులో నాచు పట్టిందేమో ముందు చూడండి.

అన్నీ బిగించాక బట్టలు లేకుండా చిన్న ప్రోగ్రామ్ ఒకటి నడిపి, ప్రతి అతుకు కింద పొడి కాగితం పరవండి. గంట తర్వాత కూడా కాగితం పొడిగా ఉంటేనే మెషీన్‌ను గోడవైపుకు జరపండి.