సాఫీగా దొర్లే కాగితం కారు

దళసరి చార్టు కాగితాన్ని 18×12 సెం.మీ. కొలతకు కత్తిరించండి. నాలుగు అంచుల నుంచీ 3 సెం.మీ. లోపలికి, ఇంకు అయిపోయిన పెన్నుతో నొక్కి గీతలు గీస్తే మడత నిటారుగా వస్తుంది. ప్రతి మూలలో ఒక గీత వెంటే కోసి, ఆ రెక్కను లోపలికి మడిచి అంటించండి. పెట్టె బోర్లిస్తే అదే బాడీ. పైన క్యాబిన్, కిటికీలు మీ ఇష్టం.

అసలు పనంతా చక్రాల్లోనే ఉంది. అట్టపెట్టె నుంచి 4 సెం.మీ. వ్యాసంతో 12 బిళ్లలు కోసి, మూడేసి చొప్పున అంటించండి. పల్చటి జిగురైతే అట్ట నాని చక్రం వంకరపోతుంది. రంధ్రం కాంపస్ ముల్లు గుచ్చిన చోటే పడాలి. కాస్త పక్కకు జరిగినా కారు కుంటుతుంది.

బాడీ పక్కగోడలకు, కింది అంచు నుంచి 1 సెం.మీ. పైన, ముందూ వెనకా ఎదురెదురుగా రంధ్రాలు చేసి, 6.5 సెం.మీ. స్ట్రా ముక్కలు దూర్చి అంటించండి. స్ట్రా ఆ కాస్త బయటికి ఉంటేనే చక్రం గోడకు రాసుకోదు. లోపల 9 సెం.మీ. వెదురు పుల్లలు పోనిచ్చి, చివర్లకు చక్రాలు అంటించండి. జిగురు స్ట్రాలోకి కారిందా, ఇక పుల్ల తిరగదు. కారు ఓ పక్కకు లాగితే స్ట్రాలు సమాంతరంగా లేవన్నమాట; జిగురు ఆరకముందే స్కేలుతో సరిచూసుకోండి.