చలికాలం కోళ్లకు: కొత్తవాటిని పాతవాటిలో కలపకండి

కార్తీకం వెళ్లింది. నెల రోజులుగా అడిగేవాళ్లు లేక షెడ్లలో నిలిచిపోయిన కోళ్లు ఇక కదులుతాయి. సంక్రాంతి కోసం కొత్తవి దిగుతాయి. నాది దాణా బండి. రాజాం, చీపురుపల్లి చుట్టుపక్కల రోజుకు నాలుగైదు షెడ్ల గేట్లు దాటుతాను. ఈ నెలన్నర నాకు బర్డ్ ఫ్లూ భయం.

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో చచ్చిన కోళ్లకు బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబ్ తేల్చింది. అప్పుడు మనం అది గోదావరి గొడవ అనుకుని ఊరుకున్నాం. మొన్న మా పక్కూరిలో నాలుగు వందల పెట్టల షెడ్డు మూడు రోజుల్లో ఖాళీ అయింది. రిపోర్టు ఇంకా రాలేదు, ఏ జబ్బయినా కావచ్చు. కానీ ఆ షెడ్డు ఆయన చేసిన తప్పు మాత్రం నేను ఏళ్లుగా చూస్తున్నదే.

రోజూ పది అట్టలు వచ్చే గుడ్లు ఏడుకి పడ్డాయి. రెండు పెట్టలు చచ్చాయి. "రెండే కదేటి బావూ, చలికి పోయుంటాయి" అన్నాడు. ఆ వారమే సంత నుంచి నలభై పెట్టలు తెచ్చి అదే షెడ్డులో వదిలాడు. పదో రోజు నేను వెళ్లేసరికి కోళ్ల తలకాయలు ఉబ్బి ఉన్నాయి, జుట్లు నేరేడుపండు రంగుకి తిరిగాయి, కాళ్ల మీద ఎర్రటి రక్తపు మచ్చలు. తొట్టిలో దాణా వేసింది వేసినట్టే ఉంది.

చేతులు కడుక్కోండి, బాగా ఉడికించి తినండి అని ఇక్కడ రాయను. అవి అందరికీ తెలుసు. తెలియనిది ఈ కలపడం గురించే.

అడవి బాతుల పేగుల్లో బర్డ్ ఫ్లూ వైరస్‌లు చాలా రకాలు ఏ హానీ చేయకుండా ఉంటాయి. వాటిలో హెచ్5, హెచ్7 రకాలతోనే అసలు గొడవ. వైరస్ కణంలోకి దూరాలంటే దాని పైనున్న ఒక ప్రోటీన్‌ను కోడి ఒంట్లోని ఎంజైము కత్తిరించాలి. మెతక రకానికి, అంటే చంపనిదానికి, సరిపడే ఎంజైము కోడి గొంతులో, పేగుల్లో మాత్రమే ఉంటుంది. అందుకే జలుబు, గుడ్లు తగ్గడంతో సరి. ఒక కోడి నుంచి ఇంకో కోడికి పాకేటప్పుడు ఆ కత్తిరించే చోటికి సంబంధించి వైరస్ జన్యువులో కొన్ని అక్షరాలు మారాయనుకోండి, ఒళ్లంతా ఉండే వేరే ఎంజైము కూడా దాన్ని కత్తిరించగలదు. ఇక మెదడు, గుండె, కాలేయం అన్నీ పోతాయి. ఇటలీలో 1999 మార్చి నుంచి మెతకగా తిరిగిన హెచ్7ఎన్1 డిసెంబరుకల్లా ఇలా మారింది. కోటికి పైగా పక్షులు పోయాయి.

ఆ మార్పుకు కావలసింది వరసగా కొత్త కోళ్లు. జబ్బు పడ్డ షెడ్డులో కొత్త కోడిని వదిలినప్పుడల్లా వైరస్‌కు ఇంకో అవకాశం ఇస్తున్నాం.

ఇప్పుడు తిరుగుతున్న హెచ్5ఎన్1 వేరు అనొచ్చు. నిజమే. 1996లో చైనా గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెద్దబాతులో (గూస్) దొరికిన వంశం అది, వచ్చేటప్పుడే చంపే రకంగా వస్తుంది. అయినా దాని జన్యువు ఎనిమిది ముక్కలు. మన కోళ్లలో ఏళ్లుగా హెచ్9ఎన్2 తిరుగుతోంది. అది చంపదు, గుడ్లు తగ్గిస్తుంది. రెండూ ఒకే కోడిలో కలిస్తే ముక్కలు తారుమారై కొత్తది పుట్టొచ్చు. కాబట్టి మళ్లీ చెప్తున్నా, కలపకండి.

సంతలో అమ్ముడుపోని కోడిని సాయంత్రం తెచ్చి అదే గంప కింద పెట్టకండి. రెండు వారాలు వేరుగా ఉంచండి, వాటి తొట్టి వేరు, నీళ్లు వేరు. ముందు పాతవాటికి మేత వేసి, తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి.

పందేనికి ఊళ్లు తిరిగి వచ్చిన పుంజు కూడా కొత్త కోడే. అది గెలిచినా సరే.

బ్యాచ్ అయిపోయాక షెడ్డు పూర్తిగా ఖాళీ చేయండి. ఊక తీసేసి, కడిగి, సున్నం కొట్టి, ఆరనివ్వండి. పదిహేను రోజులు ఖాళీగా ఉంటే నష్టమేమీ రాదు.

బాతుల్ని, కోళ్లని ఒకేచోట పెంచకండి. కోతలయ్యాక మడుల్లో దిగే బాతుల మందల దగ్గరికి కోళ్లని వదలకండి. బాతు చావకుండానే వైరస్‌ని మోయగలదు.

చెరువు నీళ్లు నేరుగా పెట్టొద్దు.

గుడ్ల అట్టలు ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి వెళ్లకూడదు.

కొక్కెర తెగులు టీకా వేయించాం కదా అని ధీమా వద్దు. అది బర్డ్ ఫ్లూకి పనిచేయదు.

గుడ్లు ఉన్నట్టుండి తగ్గితే ఆ రోజే చెప్పండి. చావుల కోసం ఎదురుచూడకండి.

చచ్చిన కోడిని గెడ్డలో పడేయొద్దు. కోసి చూడొద్దు. కుక్కలకి వేయొద్దు.

మిగిలినవి చవగ్గా అమ్మేద్దాం అనొద్దు. మీ కోడి ఇంకొకడి గంపలో కొత్త కోడి అవుతుంది.

జబ్బు కోళ్లని చేతితో తాకాక జ్వరం, దగ్గు వస్తే డాక్టరుకి కోళ్ల సంగతి చెప్పండి. అడగరు, మీరే చెప్పాలి.

దాచిపెట్టొద్దు. పరిహారం అధికారులు చంపించిన కోళ్లకే, అప్పటికే చచ్చినవాటికి రాదు. రైతు సేవా కేంద్రంలో పశువుల అసిస్టెంటుకి చెప్పండి, లేదా 1962కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా గేటు వేసి ఉంచండి. బేరగాణ్ణి, బంధువుల్ని, నా దాణా బండిని కూడా లోపలికి రానివ్వకండి. బస్తాలు రోడ్డు మీదే దింపి వెళ్తాను.