పెల్లెట్లకు నూనె రాయాలా?

ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు ఒక మాట. పెల్లెట్లకు, అంటే రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుళ్లకు, నూనె రాస్తే గుంపు దగ్గరపడుతుందని, అంటే దెబ్బలన్నీ దాదాపు ఒకేచోట తగులుతాయని ఎవరో చెబితే మా అమ్మాయి డబ్బా పెల్లెట్లన్నీ తడిపేసింది. అసలే తిరుపతి ఎండ, పైగా దుమ్ము. సాయంత్రానికి ఒక్కో పెల్లెట్‌కు సన్నటి ఇసుక అంటుకుని ఉంది. అదంతా బారెల్‌లోకి పోవాల్సిందే కదా!

10 మీటర్ల పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్‌కు నూనె పూత అక్కర్లేదు. సీసం మెత్తన, వేగమూ తక్కువే. నూనె ఒక పెల్లెట్‌కు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అంటితే దెబ్బ తగిలే చోటు మారుతుంది. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే! స్ప్రింగ్‌తో గాలిని నొక్కి పేల్చే స్ప్రింగ్ రైఫిల్‌లో మామూలు మెషిన్ ఆయిల్ అసలే వద్దు. గాలి ఒత్తిడికి వేడెక్కి నూనె మండుతుంది, టప్‌మని పొగ వస్తుంది, గాలి బయటికి పోకుండా ఆపే సీల్ పాడవుతుంది.

నూనెకు పెట్టే డబ్బుతో 4.49, 4.50 మిల్లీమీటర్ల సైజుల పెల్లెట్ డబ్బాలు చెరొకటి కొనండి. రైఫిల్‌ను ఆనించి, ఒక్కోదాంతో ఐదేసి షాట్ల చొప్పున రెండు మూడు కాగితాల మీద కొట్టి చూడండి. మీ బారెల్‌కు ఏది నప్పుతుందో అదే చెబుతుంది. పెల్లెట్లను తెల్ల కాగితం మీద పోసి, వెనక అంచు సొట్టపడినవి పక్కన పెట్టేయండి.

ముట్టుకునేది సీసం. కొండ లడ్డూ అయినా సరే, సబ్బుతో చేతులు కడిగాకే నోట్లో పెట్టాలి.