స్టాంపులతోనే చిన్న వస్తువులు పంపుడెట్ల

నల్గొండల కూసొని ఆన్‌లైన్‌ల దారం కమ్మలు, గుడ్డ బుక్‌మార్కులు అమ్ముతున్నరా, 50 రూపాయల దానికి కొరియర్ ఖర్చెందుకు, మామూలు ఉత్తరం లెక్కనే పంపుర్రి. 20 గ్రాములకు 5 రూపాయలు, ఆపైన ప్రతి 20కి, కొంచెం ఎక్కువైనా సరే, ఇంకో 5. అంటే కవరు, అట్టముక్క, టేపు అన్నీ కలిపి 45 గ్రాములైతే 15 రూపాయల స్టాంపులు పడతయ్, అందుకే ప్యాక్ చేసినంకనే తూకం వెయ్యాలె, నేనైతే ఇంట్ల చిన్న డిజిటల్ కాంటా పెట్టుకున్న. తక్కువ అంటిస్తే తగ్గినదానికి డబుల్ పైసలు కొన్నోళ్ల దగ్గర వసూలు చేస్తరు, పాపం వాళ్లకెందుకా బాధ. కమ్మలు అట్టకు కుట్టేయుర్రి, కవర్ల కదలొద్దు. స్టాంపులు కుడిపక్క పైన, పిన్‌కోడ్ సాఫ్‌గ. ట్రాకింగ్ ఉండదని ముందే చెప్పుర్రి, ఖరీదైనదైతే స్పీడ్ పోస్టే మంచిది.