ధ్వనితో జంతుప్లవకాలను లెక్కించే ముందు: నౌక కదలకముందే చూసుకోవలసినవి

నీటిలో కొట్టుకుపోయే చిన్న జీవులను, అంటే జంతుప్లవకాలను, ధ్వనితో లెక్కించే ఈ పనిలో రేవు దాటాక దిద్దుకోలేని పొరపాట్లు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది, ఎకోసౌండర్‌ను (నీటిలోకి ధ్వని పంపి ప్రతిధ్వనిని కొలిచే పరికరాన్ని) క్రమాంకనం చేయకుండా, అంటే దాని కొలత సరిగా ఉందో లేదో సరిచూడకుండా, బయలుదేరడం. పరికరం 3 డెసిబెల్స్ తేడాగా చదివితే చాలు, లెక్కలో ప్లవకాల రాశి రెట్టింపవుతుంది, లేదా సగమైపోతుంది. తెర మీద బొమ్మ మాత్రం ఎప్పటిలాగే ముచ్చటగా కనిపిస్తుంది. అందుకే, ఎంత తొందరున్నా దీనికి ఒక పూట వదిలిపెట్టండి.

అలజడి లేని చోట లంగరు వేసి, ప్రతిధ్వని ఎంత ఉండాలో ముందే తెలిసిన 38.1 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ గోళాన్ని మూడు సన్నని నైలాన్ దారాలతో ట్రాన్స్‌డ్యూసర్ (ధ్వనిని పంపి, అందుకునే భాగం) కిందికి దించండి. గోళాన్ని వట్టి చేత్తో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు ఉన్నచోట గాలి బుడగలు పట్టుకుంటాయి, ఆవగింజంత బుడగ కూడా ప్రతిధ్వనిని మార్చేస్తుంది. నీటిలోకి వదిలేముందు గోళాన్ని, ముడులను సబ్బునీటిలో ముంచితే ఆ బెడద తగ్గుతుంది. సర్వేలో వాడబోయే ప్రతి పౌనఃపున్యానికీ, అదే శక్తితో, అదే పల్స్ (ఒకసారి పంపే ధ్వని) నిడివితో కొలవాలి. అక్కడి నీటి ఉష్ణోగ్రత, లవణీయత కూడా రాసుకోండి. ధ్వని వేగం వాటిని బట్టే మారుతుంది. ట్రాన్స్‌డ్యూసర్ నీటి బయట ఉండగా మాత్రం దాన్ని మోగించవద్దు, పాడైపోవచ్చు.

ఏ జీవిని వెతుకుతున్నారో ముందే తేల్చుకోండి. 38 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లు. కొద్ది మిల్లీమీటర్ల కోపిపాడ్ (రొయ్య జాతికి చెందిన చిన్న ప్లవకం) దానికి దాదాపు కనిపించదు. 200 కిలోహెర్ట్జ్ తరంగం సుమారు 7.5 మిల్లీమీటర్లు, చిన్న జీవులకు ఇదే మేలు. కానీ కొన్ని వందల మీటర్లు వెళ్లేసరికి నీరు దాన్ని మింగేస్తుంది. లోతున ఉన్న చిన్న ప్లవకాలు కావాలంటే పరికరాన్నే తీగతో కిందికి దించాలి.

పింగుల, అంటే ఒక్కోసారి పంపే ఆ పల్స్‌ల, మధ్య వ్యవధిని కూడా సరిచూసుకోండి. సెకనుకో పింగు పంపుతున్నారనుకుందాం, అడుగు 900 మీటర్ల లోతున ఉంది. ధ్వని వెళ్లి రావడానికి సుమారు 1.2 సెకన్లు పడుతుంది. అంటే ఆ ప్రతిధ్వని తరువాతి పింగు వెళ్లిన 0.2 సెకన్లకు చేరుతుంది, తెర మీద 150 మీటర్ల దగ్గర దట్టమైన పొరలా కనిపిస్తుంది. లేని పొరను ప్లవకాలుగా లెక్కించే ప్రమాదం ఇక్కడే ఉంది. మిగతా సోనార్లు కూడా వంతులవారీగా మోగేలా కట్టుదిట్టం చేయండి.

వల లేకుండా ధ్వనిని మాత్రమే నమ్మడం తప్పని నా గట్టి అభిప్రాయం. జెల్లీచేపల బంధువులైన సైఫనోఫోర్‌లలో కొన్నిటికి చిన్న గాలితిత్తి ఉంటుంది. గాలి ధ్వనిని అంత బలంగా తిప్పికొడుతుంది కాబట్టి, అలాంటివి కొన్ని ఉన్నా పెద్ద క్రిల్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు) గుంపులా భ్రమ కలిగిస్తాయి. వలను చూసి తప్పించుకునే క్రిల్ కూడా ఉంటుంది కనుక పగలూ రాత్రీ రెండు పూటలా వల వేయండి. చీకటి పడగానే చాలా జాతులు పైకి లేస్తాయి.

సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు నౌక కింద చేరే బుడగలు ధ్వనికి అడ్డుపడతాయి. వేగం తగ్గించండి, ఆ భాగాన్ని దస్త్రంలో గుర్తించండి. పళ్ల తిమింగలాలకు, డాల్ఫిన్లకు ఈ పౌనఃపున్యాలలో కొన్ని వినిపిస్తాయి. అనుమతి పత్రంలోని షరతులు ముందే చదివి, గమనించే మనిషిని డెక్ మీద ఉంచండి. చివరగా, వల వేసిన సమయం రాసుకునే గడియారం, ఎకోసౌండర్ గడియారం, జీపీఎస్ గడియారం ఒకే సమయం చూపుతున్నాయో లేదో బయలుదేరే ఉదయమే సరిచూడండి.