కాలేజీ జట్టు ఓడుతూనే ఉందా? కోచ్‌ని పంపించే ముందు చూడాల్సినవి

వరసగా నాలుగు మ్యాచ్‌లు పోగానే స్టాండ్స్‌లో వినపడే మాట ఒకటే: "కోచ్‌ని పీకేయాలి." అమెరికాలో ఎం.ఎస్. చేసి, చదివిన యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకు అతుక్కుపోయిన మనవాళ్లూ అదే అంటారు. నేనూ చాలాసార్లు అన్నాను. కానీ కోచ్ పోతే తప్ప కుదరని రోగాలు కొన్నే. మిగతావాటికి ఆ మందు ఖరీదెక్కువ, గుణం తక్కువ.

నేను పెట్టుకున్న పరీక్ష ఇది. ఆటగాళ్లు మారినా అదే తప్పు మిగిలితే అది కోచ్‌ది. కోచ్ ఉండగానే ఏటికో కొత్త తప్పు కనిపిస్తుంటే కారణం ఇంకెక్కడో ఉంది.

లక్షణం: ప్రతిసారీ దగ్గరికొచ్చి ఓడిపోతున్నాం

కారణం దురదృష్టం కావచ్చు, చేతకానితనం కావచ్చు. స్కోరు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

2022 నవంబరులో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ యూనివర్సిటీ జట్టు మొదటి మూడు మ్యాచ్‌లూ ఒక్కొక్క పాయింటు తేడాతో ఓడింది. బెలార్మిన్ చేతిలో 67-66, రైట్ స్టేట్ చేతిలో 73-72, అపలాచియన్ స్టేట్ చేతిలో 61-60. "మూడు బాస్కెట్లు ఇటు పడుంటే మూడూ మనవే కదరా" అన్నాడు నా పక్కన కూర్చునే గుంటూరు మిత్రుడు. లెక్క తప్పు కాదు. కానీ ఆ మూడూ లూయివిల్ స్థాయి జట్లు కావు. అంతకుముందే ప్రాక్టీసు మ్యాచ్‌లో డివిజన్ 2 (ఒక మెట్టు కింది స్థాయి) జట్టు లెనాయిర్-రైన్ చేతిలోనూ ఓడారు. తర్వాత మావీలో టెక్సస్ టెక్ 70-38తో చిత్తు చేసింది. సీజన్ ముగిసేసరికి 4 గెలుపులు, 28 ఓటములు. అక్కడ దురదృష్టం కొంతే, మిగతాది జబ్బు.

ఏం చేయాలి: స్కోరు వదిలేసి, టైమ్ అవుట్ అయ్యాక వచ్చే మొదటి పొజెషన్, అంటే బంతి మన చేతిలో ఉన్న ఆ వంతు, చూడండి. షాట్ క్లాక్ 30 సెకన్లు, ఆలోగా బంతిని బుట్టకు విసరాలి. కోచ్ బోర్డు మీద గీసి పంపింది అప్పుడే బయటపడుతుంది. బంతి లోపలికి రాగానే అయిదుగురూ ఎవరి చోటికి వాళ్లు వెళ్లారా? లేక ఒకడు మూలలో నిలబడి బెంచీ వైపు చూస్తుంటే, బంతి ఉన్నవాడు పన్నెండు సెకన్లు డ్రిబుల్ చేసి, ముగ్గురి మీదుగా విసిరేశాడా? ఒక్క మ్యాచ్‌లో ఇలా జరిగితే ఏమీ కాదు. సీజన్ చివరికొచ్చే ఫిబ్రవరిలోనూ ఇదే జరుగుతుంటే ప్రాక్టీసులో ఏదో జరగడం లేదన్నమాట. అది కోచ్ ఖాతాలోకే వెళ్తుంది.

లక్షణం: బంతి బుట్టలో పడటం లేదు

ముందు లెక్క సరిగ్గా వేయండి. 60 షాట్లలో 25 పడ్డాయి, అందులో 6 త్రీ-పాయింటర్లు (దూరం నుంచి వేసినవి, రెండుకు బదులు మూడు పాయింట్లు) అనుకోండి. త్రీకి సగం అదనపు విలువ ఇవ్వాలి కాబట్టి 25కి 3 కలిపి 60తో భాగించండి: 46.7 శాతం. దీన్నే ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం అంటారు. బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్ గెలుపుకు కీలకమని చెప్పిన నాలుగు అంశాల్లో ఇది మొదటిది. మిగతావి టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం), అఫెన్సివ్ రీబౌండ్లు (మనం వేసి తప్పిన బంతిని మళ్లీ మనమే పట్టుకోవడం), ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు దొరికే షాట్లు) సంపాదించుకోవడం.

ఖాళీ దొరికినా త్రీలు పడకపోతే అది షూటర్ల ఇబ్బంది, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. ప్రత్యర్థి ఫ్రీ త్రోలు అన్నీ వేసేస్తుంటే అది ఎవరి తప్పూ కాదు, దానికి కోచ్‌ని తిట్టడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే. టర్నోవర్ల సంగతి వేరు. లూయివిల్ ఆ ఏడాది అసిస్టుల (బుట్టలో పడే షాట్‌కు దారితీసిన పాస్‌ల) కన్నా టర్నోవర్లే ఎక్కువ చేసింది. బంతి చేతులు మారకముందే పోతుంటే దాన్ని అదృష్టం ఖాతాలో వేయలేం.

లక్షణం: ప్రతి వసంతంలోనూ మంచి ఆటగాళ్లు వెళ్లిపోతున్నారు

2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లయినా కాలేజీ మారి వెంటనే ఆడొచ్చు. 2021 జులై నుంచి ప్రకటనల్లాంటి వాటికి తమ పేరు, ముఖం వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బిస్తున్నాయి. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి అన్ని ఆటలకూ కలిపి పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. అందులో అమెరికన్ ఫుట్‌బాల్ తన వాటా లాక్కున్నాక బాస్కెట్‌బాల్‌కు మిగిలేది ఎంత అన్నదే అసలు ప్రశ్న.

వెళ్లినవాళ్లు ఎక్కువ డబ్బిచ్చే చోటికి వెళ్లారా, అంతే డబ్బుకో తక్కువకో పక్కకు దూకారా? మొదటిదైతే కొత్త కోచ్‌కూ అదే ఖాళీ జేబు. రెండోదైతే లాకర్ రూమ్‌లో తేడా ఉంది.

డబ్బు ఒక్కటే కాదు, గుంత లోతు కూడా చూడాలి. జార్జ్‌టౌన్‌లో కోచ్ పాట్రిక్ యూయింగ్ 2021-22లో బిగ్ ఈస్ట్ లీగ్ సీజన్ మ్యాచ్‌లు 19కి 19 ఓడాడు. అయినా ఇంకో ఏడాది ఉంచారు, అదీ 7-25 (7 గెలుపులు, 25 ఓటములు). తర్వాత వచ్చిన ఎడ్ కూలీ ప్రావిడెన్స్‌లో పేరు తెచ్చుకున్నవాడే, మొదటి ఏడాది అతనిదీ 9-23.

లక్షణం: టోర్నమెంటు మొదటి రౌండ్లోనే చిన్న జట్టు చేతిలో పరువు పోయింది

దీనికి మందు వద్దు. 2018లో టాప్ సీడ్‌గా (అగ్ర ర్యాంకుతో) దిగిన వర్జీనియా, యూఎంబీసీ చేతిలో 20 పాయింట్లతో ఓడింది. అదే కోచ్ టోనీ బెనెట్ మరుసటి ఏడాది టైటిల్ తెచ్చాడు. 2023లో ఫేర్లీ డికిన్సన్ చేతిలో ఓడిన పర్‌డ్యూ, అదే మ్యాట్ పెయింటర్‌తో 2024 ఫైనల్ ఆడింది.

లక్షణం: మూడేళ్లయింది, ఎదుగూ బొదుగూ లేదు

ఇక్కడ ఎవరో ఒకరు డ్యూక్ కథ ఎత్తుతారు. మైక్ షిషెఫ్‌స్కీ 1980లో చేరాడు: 17-13, 10-17, 11-17. 1983లో డ్యూక్ ఆడే లీగ్ ఏసీసీ టోర్నమెంటులో వర్జీనియా చేతిలో 109-66తో ఓటమి. యూనివర్సిటీ ఆటల విభాగం అధిపతి (అథ్లెటిక్ డైరెక్టర్) టామ్ బటర్స్ కదల్లేదు. తర్వాత అయిదు టైటిళ్లు.

నిజమే, కానీ ప్రతి కోచ్‌నీ కాపాడే తాయెత్తు కాదది. ఆ 11-17 జట్టులో జానీ డాకిన్స్, మార్క్ అలారీ, జే బైలస్ ఫ్రెష్‌మెన్, అంటే మొదటి ఏడాది కుర్రాళ్లు. 1986లో డ్యూక్‌ను ఫైనల్‌కు తీసుకెళ్లింది ఆ కుర్రాళ్లే. బటర్స్ ఎదురుచూసింది కోచ్ కోసమే కాదు, వాళ్ల కోసం కూడా. ఇప్పుడు అలాంటి కుర్రాళ్లు మూడేళ్లు ఆగకపోవచ్చు.

కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే పోర్టల్ వచ్చాక ఓపిక లెక్కే మారింది. జట్టంతా ఒక్క వేసవిలో మారిపోవచ్చు. కాబట్టి పాత కోచ్‌కూ ఆ అవకాశం ఉన్నట్టే. లూయివిల్ మాజీ ఆటగాడే అయిన ఆ జట్టు కోచ్ కెనీ పేన్ 4-28 తర్వాత కొత్తవాళ్లను తెచ్చుకున్నాడు. ఫలితం 8-24. ఆటగాళ్లు మారారు, ఓటములు మారలేదు. 2024 మార్చిలో పంపించారు. నా లెక్కలో అది సరైన నిర్ణయం.

పంపించాలనే తేలితే

మొదట కాంట్రాక్టు చదవాలి. 2021లో ఆర్చీ మిల్లర్‌ను వదిలించుకోవడానికి ఇండియానా కోటి డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది, దాతలు ముందుకొచ్చారు. 2018లో కనెటికట్ కెవిన్ ఆలీని క్రమశిక్షణ కారణం చూపి డబ్బివ్వకుండా పంపింది. 2022లో మధ్యవర్తి 1.1 కోట్లకు పైగా ఇవ్వమన్నాడు. అయినా ఆ మార్పు కలిసొచ్చింది. డాన్ హర్లీ మొదటి ఏడాది 16-17, తర్వాత 2023, 2024 టైటిళ్లు.

రెండోది, కొత్త కోచ్ ఎవరో తేల్చుకోకుండా ఉద్యోగం ఖాళీ చేయొద్దు. కోచ్ మారితే ఆ జట్టు ఆటగాళ్లకు విడిగా పోర్టల్ గడువు తెరుచుకుంటుంది. మీరు ఇంటర్వ్యూలు చేస్తున్న వారంలోనే పక్క కాలేజీలు మీ పాయింట్ గార్డ్‌కు (ఆట నడిపించేవాడికి) ఫోన్లు చేస్తుంటాయి.

మూడోది, డిసెంబరులో తీర్పు చెప్పకండి. పేన్ తర్వాత చార్ల్స్‌టన్ నుంచి వచ్చిన పాట్ కెల్సీ దాదాపు జట్టంతా కొత్తగా కట్టాడు. 2024 డిసెంబరు 14న కెంటకీ చేతిలో 93-85తో ఓడేసరికి అతని లెక్క 6 గెలుపులు, 5 ఓటములు. మా గుంటూరు మిత్రుడు "వీడూ అంతేరా" అని కండువా మడిచి బ్యాగులో పెట్టేశాడు. ఆ తర్వాత ఆడిన 24 మ్యాచ్‌ల్లో లూయివిల్ ఓడింది మూడే.